బొగ్గు ఊళ్ల బంగాళాదుంప కూర

గోదావరిఖని ఎండల సంగతి మీకు వేరే చెప్పాలా? ఒకపక్క సింగరేణి గనులు, ఇంకోపక్క రామగుండం ఎన్టీపీసీ పొగగొట్టాలు. షిఫ్టు దిగి వచ్చిన మనిషికి మసాలాలేం సయిస్తాయి చెప్పండి! 1774లోనే బొగ్గు తవ్వకం మొదలైన బెంగాల్ రాణిగంజ్ వైపు ఇల్లాళ్లు వేసవిలో చేసేది ఆలూ పోస్తో. పోస్తో అంటే మన గసగసాలే!

నాలుగు చెంచాల గసగసాలు నానబెట్టి, రెండు పచ్చిమిర్చితో మెత్తగా నూరుకోండి. ఆవనూనె బాగా కాగాక కలోంజి వేసి, నాలుగు దుంపల ముక్కలు వేయించండి. ఉప్పు వేసి, కాసిని నీళ్లు చల్లి మూతపెట్టండి. పసుపు వద్దు. ఉడికాక ముద్ద కలిపి దగ్గరపడనివ్వండి. వేడన్నం, పల్చని మినప్పప్పుతో వడ్డించండి.

గసగసాలు ఖరీదే, నెలకోసారి చాలు. డ్యూటీ దిగినవాళ్లు రెండు ముద్దలు ఎక్కువ తింటే మనకదే పదివేలు!