మీవాడెవడు సాయిబూ?

1996 మార్చి 9. బెంగుళూరులో ఇండియా పాకిస్తాన్ మీద 39 పరుగులతో గెలిచింది. కెప్టెన్ అజరుద్దీన్, మా హైదరాబాదీయే. అయినా కొత్తగూడెంలో టీవీ ముందు అందరూ మా మొహాలే చూశారు. చప్పట్లు కొడితే నటన. కొట్టకపోతే ఇక చెప్పేదేముంది!

అప్పట్నుంచీ కాలేజీ పోరగాళ్ల బాస్కెట్‌బాల్‌కి పోతున్నాం. ఎనిమిది మందే. బొగ్గుబాయి కార్మికుల పిల్లలు, బక్కప్రాణాలు. సగం ఆటకే ఆయాసం. పదడుగుల ఎత్తు రింగుకేసి విసిరితే బంతి బోర్డుకి తగిలి తిరిగొస్తుంది. ఓడతారు. కాస్త కండపట్టేసరికి డిగ్రీ అయిపోతుంది, మళ్లీ కొత్త బక్కోళ్లు. సబర్ చేయడం మాకు అమ్మీ నేర్పిందే. గొంతు పోయేదాకా అరుస్తాం, ఉర్దూలోనే. ఎవరూ తిరిగి చూడరు.

మొన్న పక్కనున్న పెద్దాయన అడిగాడు: "వీళ్లలో మీవాడెవడు సాయిబూ?"

"అందరూ" అన్నాం.

ఆయన జరిగి చోటిచ్చాడు. ఆరోజూ ఓడాం.