నొస్సంలో ఆగని బండి



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇవ్వమని వార్డెన్ సార్ ఫోన్ చేసినప్పుడు చదువు గురించో, క్రమశిక్షణ గురించో రాద్దామనుకున్నాం. ఆ రెండూ ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. ఇంతలో ఒక తమ్ముడు స్టోరు గది సర్దుతూ, బియ్యం బస్తాల వెనక దొరికిన మూడు చెక్క పలకల ఫోటో పంపించాడు. "అన్నా, ఇవేంటివి? పారేయమంటారా?" అని అడిగాడు. పారేయొద్దు నాయనా. అది మన రైలు.

2016 ఆగస్టులో నంద్యాల - ఎర్రగుంట్ల లైను మీద బండి మొదలైంది. మేము అప్పుడు తొమ్మిదో తరగతి. ఎర్రగుంట్లకు రైలు కొత్త కాదు. మద్రాసు నుంచి కడప మీదుగా రాయచూరు పోయే లైను 1871 నాటికే పూర్తయింది. నంద్యాలకూ మీటరుగేజి కాలం నుంచే బండి ఉంది. ఆ రెండింటి నడుమనున్న బనగానపల్లె, కోయిలకుంట్ల, జమ్మలమడుగు, అంత వ్యాపారం జరిగే ప్రొద్దుటూరు కూడా, అన్నేళ్ళూ బస్సునే నమ్ముకున్నాయి. 1996-97లో మంజూరైన లైను తెరుచుకోవడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. మేము పుట్టకముందు మంజూరై, మాకు మీసాలు మొలిచే వేళకు వచ్చిన బండి అది. హాస్టల్ పిల్లలందరం స్టేషనుకు పోయి చూసి వచ్చాం. ఎక్కినవాళ్ళు మాత్రం మాలో ఒక్కరూ లేరు.

మన సైన్స్ క్లబ్బులో మేము నలుగురం. ఒకడిది కోయిలకుంట్ల, ఒకడిది బనగానపల్లె దగ్గర పల్లె, ఒకడిది జమ్మలమడుగు, నాలుగోవాడిది నొస్సం. ఆ ఏడు జిల్లా వైజ్ఞానిక ప్రదర్శనకు అందరూ చేసే అగ్నిపర్వతం, ఇంకుడు గుంత వద్దనుకొని, కొత్త లైను నమూనా చేద్దామన్నాం. పట్టాలు, స్టేషన్లు, కొండలు కలిపి ఇలా పలక మీద కట్టినదాన్ని లేఅవుట్ అంటారని తర్వాత తెలిసింది. మన దిక్కున లేఅవుట్ అంటే ప్లాట్లు అమ్మే బీడు భూమే కదా!

డబ్బుల సంగతి చెబితే నవ్వుతారు. సైన్స్ సార్ తన జేబులోంచి ఒక 500 రూపాయల నోటు ఇచ్చారు. అది 2016 నవంబరు 8వ తేదీ. రాత్రికి ఆ నోటు చెల్లదని టీవీలో చెప్పారు. సార్ నోటు సార్‌కే ఇచ్చి, హాస్టల్లో తలా ఐదు, పది వసూలు చేసి, సెల్లుతో నడిచే బొమ్మ రైలు ఒకటి కొన్నాం.

బొమ్మ రైలుతో చిక్కేమిటంటే, స్విచ్చి నొక్కితే అది తిరుగుతూనే ఉంటుంది. స్టేషన్లో ఆగదు. స్టేషన్లో ఆగని బండి నమూనా ఎట్లవుతుంది? అందుకని ఇంజను కడుపులోని సెల్లులు తీసేసి, పట్టాల నడుమ రెండు రాగి తీగలు పరిచాం. పాత స్విచ్చిల్లోని ఇత్తడి రేకులు కోసి, ఆ తీగల మీద రాసుకుంటూ పోయేట్టు ఇంజను కింద బిగించాం. తీగలకు సెల్‌ఫోన్ ఛార్జరు నుంచి కరెంటు. ఛార్జరు ఇచ్చేది 5 వోల్టులు, బొమ్మ మోటారుకు కావలసింది 3. మధ్యలో డయోడ్లు వరసగా పెడితే ఒక్కోదాని దగ్గర సుమారు 0.7 వోల్టు తగ్గుతుందని సార్ చెప్పారు. మూడు పెడితే 2.9 మిగిలింది. నాలుగు పెడితే బండి నెమ్మది, రెండే పెడితే పరుగు. స్టేషను ఉన్న చోట ఒక తీగను కోసి, ఆ ముక్కకు వేరే స్విచ్చి పెట్టాం. స్విచ్చి తీస్తే బండి సరిగ్గా అక్కడ ఆగుతుంది. మొదటిసారి కోయిలకుంట్ల స్టేషన్లో బండి ఆగి మళ్ళీ కదిలినప్పుడు మేము అరిచిన అరుపుకు వంట మనిషి గరిటె పట్టుకొని పరిగెత్తుకొచ్చింది.

(పీజీలో చేరాక లైబ్రరీలో చదివాం. అమెరికాలో ఎం.ఐ.టి. విద్యార్థులు 1946లోనే రైలు నమూనాల క్లబ్బు పెట్టుకున్నారట. టెలిఫోన్ రిలేలతో బండ్లను ఆడించారట. కంప్యూటరు వాళ్ళ 'హ్యాకర్' అనే మాట ఆ గదిలో వాడుకైందేనట. పుణెలో జోషి గారనే ఆయన ఊరూరా ప్రదర్శించిన లేఅవుట్ 1998లో మ్యూజియమే అయింది. వాళ్ళ గురించి అప్పుడు తెలిసుంటే మరికొంచెం ధైర్యంగా ఉండేవాళ్ళం.)

పలకలు మూడు. ఒక్కోటి నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. కలిపితే పన్నెండడుగులు. మా ఇంజను అసలు ఇంజనులో సుమారు నూరో వంతు. ఆ లెక్కన నూట ఇరవై కిలోమీటర్లకు పైబడిన లైనును కొలత తప్పకుండా కట్టాలంటే కిలోమీటరు పైన పలకలు కావాలి! కాబట్టి స్టేషన్లు కొట్టేయక తప్పలేదు. ఎవరి ఊరు కొట్టేయాలన్నదాని మీద రెండు రాత్రులు కొట్లాడుకున్నాం. చివరికి నంద్యాల, బనగానపల్లె, కోయిలకుంట్ల, జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ఉండిపోయాయి. ప్రొద్దుటూరే పోయిందంటే నొస్సం ఎంత? ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథలో నొస్సం కోట ఉంది కదరా అని వాడు వాదించాడు. "కోటలో బండి ఆగదు లేరా అబ్బీ" అని మేము ముగ్గురం నవ్వేశాం. వాడు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

కొండలకు పాత పేపర్లు, మైదా బంక. ఎర్రమల కొండల వెనకగా పట్టా తిరిగి వచ్చేట్టు చేశాం. చేలకు కోయిలకుంట్ల నుంచి నల్లరేగడి మన్ను తెప్పించి మెత్తగా మెత్తాం. రెండో రోజుకు అది ఎండి నెర్రెలు బారింది. పాడైందని ఏడుపు ముఖం పెట్టుకుంటే సార్ చూసి, "ఎండాకాలం మీ చేను ఎట్లుంటాదిరా? ఇట్లనే కదా. ముట్టుకోవద్దండి" అన్నారు. పట్టాల కింద కంకరకు బేతంచెర్ల నాపరాళ్ళ చిల్లపెంకులు. పెన్నానదికి నీలం రంగు.

ఇంతవరకు తయారీ. కట్టడం సులభమే. రోజంతా జనం ముందు నడపడమే కష్టం.

కర్నూలుకు బస్సు మీద పలకలు కట్టుకొని పోయాం. ఉదయం పది గంటలకు బాగా నడిచిన బండి పదకొండుకు ఆగి ఆగి పోసాగింది. వేలితో తోస్తే కదులుతుంది, మళ్ళీ ఆగుతుంది. మోటారు కాలిందనుకున్నాం, ఛార్జరు పోయిందనుకున్నాం. మాలో ఒక తెలివిమంతుడు బండి జారుగా పోతుందని తీగలకు హాస్టల్లో ఇచ్చిన కొబ్బరినూనె పూశాడు. దాంతో పూర్తిగా నిలిచిపోయింది. అసలు సంగతి కనిపెట్టింది నొస్సం వాడే. రాగి తీగ గాలికి నల్లబడుతుంది, పైన దుమ్ము పడుతుంది, ఇత్తడి రేకుకు తీగకు నడుమ ఆ పొర ఉంటే కరెంటు దాటదు. వాడు నూనెను గుడ్డతో తుడిచి, ఇంకు చెరిపే గట్టి రబ్బరు తీసుకొని పన్నెండడుగులూ పోను, రాను రుద్దాడు. బండి లేచింది.

ఆనాటి నుంచి అది వాడి పని. అరగంటకొకసారి బండి ఆపించి, బల్ల వెనక వంగి, రబ్బరుతో రుద్దుకుంటూ పోయేవాడు. పలకల కీళ్ళ దగ్గర తీగ కొనలు సమంగా ఉన్నాయో లేదో గోటితో తడిమేవాడు. మేము వాడికి గ్యాంగ్‌మన్ అని పేరు పెట్టాం. ఎండలో సుత్తి భుజాన వేసుకొని పట్టాల వెంట నడిచే మనిషిని రైల్లో కూచున్నవాళ్ళెవరు చూస్తారు? వచ్చిన పెద్దలు, పిల్లలు బండిని చూశారు, స్విచ్చిలు చూశారు, చెబుతున్నవాళ్ళ నోరు చూశారు.

ఇక్కడొక మాట దాచకుండా చెప్పాలి. బల్ల మీది కార్డులో ఇద్దరి పేర్లకే చోటు. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పగలిగేవాళ్ళ పేర్లు రాద్దామన్నది మేమే. సార్ చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు. నొస్సం వాడిని అడగనైనా లేదు.

2017 జనవరిలో కడపలో ఇంకో ప్రదర్శన. ఈసారి బస్సు వద్దని, పలకలు ఎత్తుకొని ఆ కొత్త బండే ఎక్కాం. మా నలుగురికీ అదే మొదటి రైలు ప్రయాణం. సీట్ల మధ్య పలకలు నిలబెట్టి, ఒళ్ళో పేపరు కొండలు పెట్టుకొని కూర్చున్నాం. బనగానపల్లె వచ్చింది, కోయిలకుంట్ల వచ్చింది. తర్వాత నొస్సంలో బండి ఆగింది. వాడు తలుపు దగ్గర నిలబడి, "చూడండ్రా, ఆగినాది" అన్నాడు, అంతే. మేము ముగ్గురం కిటికీలోంచి స్టేషను బోర్డునే చూస్తూ కూర్చున్నాం.

ఎర్రగుంట్ల ఇంకొంచెం దూరముందనగా పెన్న వచ్చింది. వంతెన మీద అందరం లేచి నిలబడ్డాం. కిందంతా ఇసుక. అక్కడక్కడ మడుగులు, గడ్డి, మేకలు. మా పలక మీది పెన్న మాత్రం నీలంగా మెరిసిపోతోంది! కర్నూలులో ఆ రంగు చూసి ఎంత బాగుందని మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. కడపలో దిగాక బల్ల పెట్టకముందే, కడుతున్న ఇల్లొకటి కనబడితే అడిగి రెండు దోసిళ్ళ ఇసుక తెచ్చాం. నీలం మీద బంక పూసి ఇసుక చల్లాం. ఒక పక్క చిన్న మడుగంత నీలం మిగిల్చాం. ప్రదర్శనలో ఒక ముసలాయన కళ్ళజోడు సవరించుకొని చాలాసేపు చూసి, "ఇది మా పెన్నే" అన్నాడు. ఏ బహుమతీ ఆ మాటంత బాగుండలేదు.

అదే రాత్రి, మరుసటి రోజు ప్రదర్శనకని, అగ్గిపెట్టె అట్ట కోసి నొస్సం అని రాసి, కోయిలకుంట్లకు జమ్మలమడుగుకు నడుమ నాటాం. అక్కడ తీగ కోసి స్విచ్చి పెట్టడానికి టైం లేదు. బండి ఆ బోర్డు ముందు నుంచి ఆగకుండానే పోయింది. కార్డు మీద పేర్లు మాత్రం మార్చలేదు. మార్చడానికి ఒక పెన్ను చాలు, టైం లేదనడానికి లేదు.

పదో తరగతి అయిపోగానే వాళ్ళ నాయన చేను అప్పుల్లో పడింది. వాడు బెంగళూరుకు బేల్దారి పనికి పోయాడు. మేము ఇంటర్, డిగ్రీ దాటి ఈరోజు పీజీలో ఉన్నాం. మా ఇళ్ళల్లో పట్టా తెచ్చిన మొదటివాళ్ళం మేమే. ఆ ప్రదర్శనల సర్టిఫికెట్లు మా ఫైళ్ళలో పైనే ఉంటాయి. అడ్మిషన్‌కు పోయినప్పుడు వాటిని తీసి చూపించాం కూడా.

2022లో జిల్లాలు మారాయి. మేము కర్నూలు జిల్లా అని రాసిన స్టేషన్లు ఇప్పుడు నంద్యాల జిల్లా. కార్డు మళ్ళీ రాయక తప్పదు. ఈసారి నాలుగు పేర్లూ రాస్తాం. వార్షికోత్సవం నాడు భోజనశాలలో పలకలు పరుద్దామని వార్డెన్ సార్‌ను అడిగితే సరేనన్నారు. తమ్ముడు పంపిన ఫోటోల్లో మూడో పలకకు ఒక మూల చెదలు పట్టింది, కొండ నలిగింది, అగ్గిపెట్టె అట్ట జాడ లేదు. సోల్డరింగ్ ఐరన్, డయోడ్లు, కొత్త ఛార్జరు మేము తెస్తాం. నొస్సం దగ్గర తీగ కోసి స్విచ్చి పెట్టే పని ఆ ముందు రోజు సాయంత్రమే పూర్తి చేయాలి. చేయి కలపదలచిన తమ్ముళ్ళు ఐదు గంటలకు రండి.

నొస్సం వాడికి ఫోన్ చేశాం. శనివారం రాత్రి బెంగళూరులో బయలుదేరుతానన్నాడు. పలకలు దొరికాయని చెప్పగానే వాడు అడిగిన మొదటి మాట, "తీగలు రుద్దినారా?"

ఇంకా రుద్దలేదు.