మిక్సీ మొరాయించిన భోగి

కనుమ నాడు మినుము తినాలంటారు. ఆ ఇంట్లో మాత్రం గారెల సందడి భోగి నుంచే మొదలవుతుంది. ఆ ఏడు ఆడపడుచు కూడా పిల్లలతో సహా దిగింది. కోడలు నానిన మినప్పప్పుని జార్ నిండా వేసి, నీళ్లు చిలకరించీ చిలకరించనట్టు చేసి మిక్సీ తిప్పింది. గారెల పిండి గట్టిగా ఉండాలి మరి! మూడో వాయికి మిక్సీ గుర్రుమని ఆగిపోయింది. స్విచ్ ఎటు తిప్పినా ఉలుకూ పలుకూ లేదు.

‘‘మోటారు కాలిపోయి ఉంటుంది. పన్నెండేళ్లు పనిచేసింది, ఇంకేం కావాలి? ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి కొత్తది తెచ్చుకుందాం’’ అన్నాడు భర్త.

ఆమె ఏమీ అనలేదు. ఆ మిక్సీ సారెలో వచ్చింది. అమ్మ నాలుగు షాపులు తిరిగి మరీ కొన్నది. అమ్మ ఇప్పుడు లేదు.

షాపులో కుర్రాడు పాత మిక్సీని అందుకుని తిరగేశాడు. అడుగున ఉన్న చిన్న ఎర్ర బటన్ నొక్కి, ప్లగ్ పెట్టాడు. రయ్యిమంటూ తిరిగింది! ‘‘బరువెక్కువై వేడెక్కితే ఇది దానంతటదే కరెంటు ఆపేస్తుందక్కా. కాసేపు చల్లారనిచ్చి నొక్కితే చాలు’’ అన్నాడు. భర్త ఇంకా కొత్త మిక్సీల వైపే చూస్తున్నాడు. ‘‘ఇది ఇవ్వం’’ అందామె, మిక్సీని ఒళ్లోకి తీసుకుంటూ.

నిజానికి మన వంటింటి మిక్సీ కథ కూడా ఓ పాడైపోయిన మిక్సీతోనే మొదలైంది. 1960ల్లో ముంబైలో సీమెన్స్ ఇంజినీరు సత్యప్రకాశ్ మాథుర్ ఇంట్లో విదేశీ మిక్సీ మన పప్పుల ధాటికి తట్టుకోలేక కాలిపోయింది. మన వంటకి తగినది చేసివ్వమని భార్య మాధురి పట్టుబట్టారు. అలా పుట్టిందే ‘సుమీత్’. పసుపు కొమ్ములూ, నానిన పప్పూ నలగాలంటే మోటారు గట్టిదై ఉండాలి. ఆ మోటారుకీ ఓ హద్దుంటుంది. ఆ హద్దు దాటకుండా కాపలా కాసేదే ఎర్ర బటన్.

కాపలా అదొక్కటే కాదు. మోటారు తిరుగుతూ బ్లేడు కదలడం లేదంటే, రెంటినీ కలిపే కప్లర్ పళ్లు అరిగిపోయినట్టే. ఖరీదైన మోటారు కన్నా ముందు చవకైన కప్లరే అరిగిపోతుంది. కొత్తది వేయించడానికి పెద్దగా ఖర్చవదు. చాలా మిక్సీల్లో మోటారు మీది కప్లర్ మరలు వ్యతిరేక దిశలో ఉంటాయి. అలవాటుగా ఎడమవైపు తిప్పితే ఊడదు సరికదా, ఇంకా బిగుసుకుంటుంది.

జార్ కింద తడి కనిపిస్తే బుష్ అరిగిందన్నమాట. ‘కాస్తే కదా’ అని వదిలేస్తే ఆ చుక్కలే మోటారులోకి దిగుతాయి. మిక్సీ తిరుగుతూ ఆగుతూ, లోపల మెరుపులు ఎక్కువైతే కార్బన్ బ్రష్‌లు అరిగి ఉండొచ్చు. మోటారు దగ్గర చిన్న నీలిమెరుపు మామూలే. మాడు వాసనా, పొగా వస్తే మాత్రం వైండింగ్‌కే ఎసరొచ్చినట్టు. ముట్టుకుంటే జిల్లుమందా... ఇక ఇంట్లో ప్రయోగాలొద్దు. మెయిన్ ఆపి, ప్లగ్ తీసి మెకానిక్‌కి ఇవ్వాల్సిందే.

ఇవన్నీ ఆమెకి వీధి చివరి మెకానిక్ చెప్పినవే. బుష్ మార్పించడానికి వెళ్లినప్పుడు ఒక్కోటీ అడిగి తెలుసుకుంది. ‘‘మోటారు పోయిందని తెస్తారమ్మా. చాలాసార్లు పోయేది మోటారు కాదు, ఓపిక’’ అన్నాడతను నవ్వుతూ.

ఇప్పుడు మిక్సీ ఆగితే ఆ ఇంట్లో ఎవరూ కంగారుపడరు. ముందు ప్లగ్ తీస్తారు. ఆ ప్లగ్ పాయింటులో టేబుల్ ఫ్యాను పెట్టి కరెంటు వస్తోందో లేదో చూస్తారు. జార్ సరిగ్గా కూర్చుందా, కింద కప్లర్ పట్టుకుని తిప్పితే బ్లేడు కదులుతోందా అని చూస్తారు. బ్లేడుని చేత్తో ముట్టుకోరు. ఆఖరికి మిక్సీని తిరగేసి ఎర్ర బటన్ వెతుకుతారు. అప్పటికీ పలక్కపోతేనే మెకానిక్.

గారెల పిండి కూడా ఇప్పుడు సగం జారే. వాయికీ వాయికీ మధ్య రెండు నిమిషాల విరామం. ఆ రెండు నిమిషాలూ ఆగలేక భర్త పొయ్యి దగ్గరే తచ్చాడుతుంటే, ఐదో తరగతి కూతురు కసురుతుంది.

‘‘ఆగు నాన్నా! అమ్మమ్మ మిక్సీ... చల్లారాలి కదా!’’