బండి మీద ఓడ: నోయిడా నుండి బ్రిజ్‌ఘాట్‌ వరకు

ఢిల్లీకి బదిలీ అయి వచ్చిన కోస్తా తెలుగువారికి ఇచ్చటి ఎండ అలవాటవుతుంది, చలి అలవాటవుతుంది, చివరకు డిసెంబరు పొగమంచు కూడ అలవాటవుతుంది. కనుచూపు మేరలో పారే నీరు లేకపోవటం మాత్రం అలవాటు కాదు. యమున లేదా అని పాఠకులు అడుగవచ్చు. వజీరాబాద్‌ నుండి ఓఖ్లా వరకు యమున 22 కిలోమీటర్లు రాజధానిలో ప్రవహిస్తుంది. నది మొత్తం పొడవులో ఇది రెండు శాతం కూడ లేదు. నదిలో చేరే మాలిన్యంలో మూడొంతులు మాత్రం ఇక్కడే చేరుతుంది. చలికాలంలో ఓఖ్లా వద్ద తెల్లని నురగ తెప్పలుగా తేలుతూ ఉంటుంది. ఆ నీటిలో పిల్లలను పడవ ఎక్కించాలన్న కోరిక ఎవరికీ కలుగదు.

మా నోయిడా కార్యాలయంలో పనిచేసే మేము ముగ్గురం ఇంజనీర్లము, మూడు కుటుంబాలవారము. 2021వ సంవత్సరంలో, ఒక క్లబ్బువారు వదిలించుకుంటున్న పాత ఫైబర్‌గ్లాసు పడవనొకదానిని కొన్నాము. పొడవు పన్నెండు అడుగులు, వెడల్పు నాలుగు అడుగులు, బరువు 48 కిలోలు. ఇంజను లేదు, రెండు తెడ్లు మాత్రమే. కొన్న తరువాత గాని దానిని నీటి వద్దకు ఎట్లా చేర్చాలన్న ప్రశ్న మాకు తోచలేదు. ఇంజనీర్లకు ఇటువంటివి సహజమే.

మాలో ఒకరికి రెండు వరుసల సీట్లున్న పికప్‌ వాహనం ఉన్నది. ఐదు మీటర్లకు పైగా పొడవు. క్యాబిన్‌ పైకప్పు మీద ఒక అడ్డకడ్డీ, వెనుక సామాను తొట్టి మీద అమర్చిన చట్రంపై మరొక అడ్డకడ్డీ బిగించి, పడవను బోర్లించి వాటి మీద పెట్టాము. ముందుకు గాని, వెనుకకు గాని, పక్కలకు గాని పడవ వాహనాన్ని దాటి పొడుచుకు రాలేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతించిన హద్దును దాటి సరుకు బయటకు పొడుచుకు వస్తే ఇరవై వేల రూపాయల జరిమానా. ఆ విషయంలో మేము చాలా జాగ్రత్తపరులము. జరిమానా లేని విషయాలలో అంత జాగ్రత్త పడలేదని తరువాత తెలిసింది.

మాలో కోనసీమవారొకరు ఉన్నారు. వారి చిన్నతనంలో గోదావరి పాయ దాటటానికి ఎడ్లబండిని పంటు మీదకు ఎక్కించేవారట. ఎడ్లు బెదరకుండా వాటి మొగాలు నీటివైపు కాక ఒడ్డువైపు తిప్పి నిలబెట్టేవారట. అప్పుడు బండి ఓడ ఎక్కింది. ఇప్పుడు ఓడ బండి ఎక్కింది. ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును అన్న సామెతను వారు ఆ ఉదయం కనీసం నాలుగుసార్లు వినిపించారు.

నవంబరు చివరి ఆదివారం తెల్లవారుజామున బయలుదేరాము. గమ్యం గఢ్‌ముక్తేశ్వర్‌ దాపున ఉన్న బ్రిజ్‌ఘాట్‌. దూరం సుమారు 90 కిలోమీటర్లు. దారి తొమ్మిదవ నంబరు జాతీయ రహదారి. పాతవారు ఇప్పటికీ ఇరవై నాలుగవ నంబరు అనే అంటారు. కార్తీక పూర్ణిమకు గఢ్‌ గంగాతీరంలో జరిగే పెద్ద మేళా అప్పటికి ముగిసిపోయింది గనుక దారి ఖాళీగా ఉన్నది. మంచు కురిసి పడవ తడిసింది. కట్టిన నైలాను తాడు కూడ తడిసింది. పడవను రెండు కడ్డీల వద్ద రెండు చుట్లు చుట్టి, ముగ్గురం వంతులవారీగా లాగి ముడివేశాము. వేలితో మీటితే మోగేటంత బిగువు.

దాస్నా దాటిన తరువాత మసూరీ వద్ద రహదారి ఎగువ గంగా కాలువను దాటుతుంది. 1854లో కాట్లీ నిర్మాణ సారథ్యంలో ప్రారంభమైన కాలువ ఇది. మన గోదావరి ఆనకట్ట కట్టిన కాటన్‌ దొర ఈ కాలువ నిర్మాణాన్ని తీవ్రంగా విమర్శించారు. ఇద్దరు ఇంజనీర్ల నడుమ ఆ వాదం ఏండ్ల తరబడి నడిచింది. సేద్యానికే కాక పడవల రాకపోకలకు కూడ ఉపయోగపడాలని ఈ కాలువకు లాకులు కట్టారు. పడవలు నడవటానికి తవ్విన కాలువ మీదుగా మేము పడవను బండిపై మోసుకుపోతున్నామని నవ్వుకున్నాము.

వేగం ఎనభై దాటేసరికి తాడు పాడటం మొదలుపెట్టింది. గాలి ఒరుసుకుపోతుంటే తంబురా శ్రుతి వలె ఒకే నాదం. పిల్లలకు వేడుకగా ఉన్నది. పిలఖువా సమీపిస్తుండగా, సంగీతం నేర్చిన మా శ్రీమతులలో ఒకరు, “ఏమండీ, శ్రుతి దిగింది” అన్నారు. మేము ముగ్గురం నవ్వాము. గాలి దిక్కు మారి ఉంటుందని ఒకరు శాస్త్రీయంగా సెలవిచ్చారు. మరి రెండు నిమిషాలకు ఆమె, “ఇంకా దిగిందండీ, ఇప్పుడు అసలు మోగటం లేదు” అన్నారు. మోత తగ్గినందుకు మాకు హాయిగానే తోచింది. తంత్రి నాదం దాని బిగువు వర్గమూలాన్ని బట్టి ఉంటుందని ఇంటర్మీడియట్‌లో చదువుకున్నవారమే మేమందరం.

తరువాత పైకప్పు మీద టకటకమని చప్పుడు. అద్దంలో చూస్తే వెనుక మోటారు సైకిలు మీద వస్తున్న వ్యక్తి చేయి ఊపుతూ ఏదో అరుస్తున్నాడు. అతని వెనుక భార్య, ఇద్దరి నడుమ మూడేండ్ల పిల్ల. బండిని ఎడమకు తీసి ఆపి దిగి చూస్తే, పడవ ముక్కు ఒక అడుగు పక్కకు తిరిగి ఉన్నది. ముందరి తాడు వ్రేలాడుతున్నది. వెనుక తాడు ఒక్కటే పడవను పట్టి ఉంచింది. ఆ కుటుంబం మమ్ము దాటిపోతూ మావైపు చూసిన చూపును ఇక్కడ వర్ణించబోము. ఆ పిల్ల మాత్రం పడవను చూసి చేయి ఊపింది.

ఆ రహదారి అంచున, చేతులు వణుకుతుండగా, ఒక కాగితం మీద లెక్క వేశాము. ఇంటి వద్ద వేయవలసిన లెక్క అది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 30 కిలోలు. బోర్లించిన పడవ పరచుకున్న వైశాల్యం మూడున్నర చదరపు మీటర్లు. ఆ ఒత్తిడిలో సగమే పైకి ఎత్తే బలంగా మారినా యాభై కిలోలు దాటుతుంది. పడవ బరువు 48. అనగా ఎనభై వేగంలో మా పడవకు బరువు లేదు. ఎగరవలసినది తాడు వలన మాత్రమే ఎగరక ఉన్నది. వేగం సగమైతే ఆ బలం నాలుగవ వంతుకు దిగుతుంది. ఎదురుగాలి మరో ఇరవై కలిస్తే ఒకటిన్నర రెట్లకు మించుతుంది. పైగా నైలాను తడిస్తే సాగుతుంది.

కొత్తగా కట్టి, నలభై వేగంతో సాగాము. హాపుడ్‌ దాటిన తరువాత మళ్ళీ వదులు. ఈసారి తాడు ఆరిపోయి ఉన్నది గనుక తప్పు నైలానుది మాత్రమే కాదని అర్థమైంది. సింభావలి వద్ద చక్కెర మిల్లుకు చెరకు మోసే ట్రాక్టరు ట్రాలీలు బారులు తీరి ఉన్నాయి. వాటిలో ఒక ట్రాలీ యజమాని, అరవై దాటిన రైతు, తన మోపు తాళ్ళను ఒక్కొక్కటిగా తన్ని చూసుకుంటూ నడుస్తున్నాడు. మా అవస్థ చూసి దగ్గరకు వచ్చాడు. పడవను కాదు, బండిని చూశాడు. క్యాబిన్‌కు, వెనుక తొట్టికి నడుమ ఉన్న సందులో వేలు పెట్టి, “ఇవి రెండూ ఒకటి కాదు గదా బాబూ, మీరు ఒకటే అనుకొని కట్టారు” అన్నాడు.

ముప్పై ఏండ్లు యంత్రాల మధ్య బతికిన మాకు ఆ మాట చెంపపెట్టు వలె తగిలింది. పికప్‌లో క్యాబిన్‌, తొట్టి విడివిడిగా చాసిస్‌ మీద కూర్చుంటాయి. గతుకులలో చాసిస్‌ మెలిపడుతుంది. క్యాబిన్‌ ఒకవైపు, తొట్టి మరొకవైపు ఒరుగుతాయి. రెండింటికీ కలిపి బిగించిన పడవను ప్రతి గతుకూ అటూ ఇటూ గుంజుతుంది, ప్రతి గుంజుడుకూ ముడి కొంత సడలుతుంది. ఎంత గట్టిగా కడితే అంతగా గుంజుతుంది.

అతడు మా తాళ్ళన్నీ విప్పించాడు. క్యాబిన్‌ కడ్డీ మీద పాత టైరు ట్యూబు ముక్క చుట్టి, పడవ అక్కడ కొంచెం జారే వీలు కల్పించాడు. వెనుక చట్రానికి మాత్రం బిగించి కట్టాడు. లారీవారు వేసే ముడి అది: తాడులోనే ఒక ఉచ్చు చేసి, కొసను కొక్కెం కిందుగా తిప్పి ఆ ఉచ్చులో దూర్చి లాగితే తాడే కప్పీ వలె పనిచేస్తుంది. సిద్ధాంతరీత్యా మూడు రెట్ల లాభం. రాపిడి వలన అంత దక్కదు గాని ఒక్క మనిషి లాగుడుకు చాలు. తరువాత పడవ ముక్కు నుండి ముందరి బంపరుకు రెండు తాళ్ళు, తోక నుండి వెనుకకు రెండు తాళ్ళు ఏటవాలుగా కట్టించాడు. ఈ నాలుగూ మేము అసలు కట్టనే లేదు. ఐదు కోసులు పోయాక ఒకసారి ఆగి మళ్ళీ లాగండి, చెరకు కూడ దారిలో అణుగుతుంది గనుక మేమూ అట్లాగే చేస్తాము అని చెప్పి, డబ్బు ఇవ్వబోతే చేయి అడ్డం పెట్టి తన ట్రాలీ వద్దకు వెళ్ళిపోయాడు. కోనసీమ మిత్రులు చాలాసేపు మాట్లాడలేదు. వారి ఇంట గడ్డిబండి కట్టేటప్పుడు పాలేరు చక్రానికి కాలు తన్నిపెట్టి మోకు లాగేవాడట, కాలువ వంతెన దాటగానే మళ్ళీ లాగేవాడట. చూసిన సంగతే, గుర్తు రాలేదు అన్నారు.

బ్రిజ్‌ఘాట్‌ చేరేసరికి పదిన్నర. ఇక్కడి నుండి నరోరా వరకు గల గంగను 2005లో రాంసార్‌ ఒప్పందం కింద చిత్తడి నేలగా గుర్తించారు. నరోరా అనగానే మన ప్రభుత్వ రంగంవారికి 1991లో మొదలైన అణువిద్యుత్‌ కేంద్రం గుర్తుకు వస్తుంది. ఘాట్‌ మెట్ల వద్ద యాత్రికుల రద్దీ, పూల దుకాణాలు, అస్థికలు తెచ్చినవారు. స్థానిక మల్లాహ్‌ ఒకతనిని వెంటబెట్టుకొని, రద్దీకి ఎగువగా, ఇసుక తిన్నె వద్ద పడవను దింపాము. నీరు చల్లగా, లేత ఆకుపచ్చగా ఉన్నది. పిల్లలు తెడ్డు వేయటం నేర్చుకున్నారు, అనగా గుండ్రంగా తిరగటం నేర్చుకున్నారు. మల్లాహ్‌ చూపిన వైపు చూస్తుండగా నది నడుమ ఒక బూడిదరంగు వీపు లేచి, నిట్టూర్పు వంటి శబ్దం చేసి మునిగింది. గంగా డాల్ఫిన్‌, 2009లో మన జాతీయ జలచరంగా ప్రకటించబడిన ప్రాణి. మరొకసారి లేస్తుందని గంటసేపు కాచుకున్నాము. లేవలేదు.

తిరుగు ప్రయాణంలో నాలుగుసార్లు ఆగి తాళ్ళు చూసుకున్నాము. శ్రుతి చూసే బాధ్యతను ఆ సోదరికి అధికారికంగా అప్పగించాము. ఆమె చేయి ఎత్తితే బండి ఆగవలసిందే. ఆ తరువాత ప్రతి శీతకాలం ఒకటి రెండుసార్లు వెళ్ళివస్తున్నాము. నైలాను మానివేసి, తడిసినా అంతగా సాగని పాలియెస్టరు పట్టీలు కొన్నాము. పట్టీని ఒక మెలిక తిప్పి కడితే గాలికి అదరదు. అదరకపోతే మోగదు గనుక శ్రుతి అధికారిణికి ఆ ఏర్పాటు నచ్చలేదు. ఆమె కోసం ఒక తాడును మాత్రం మెలిక లేకుండా ఉంచాము.

2023 జూలైలో యమున పొంగింది. హథినీకుండ్‌ బ్యారేజీ నుండి లక్షల క్యూసెక్కుల నీరు వదిలారు. పాత రైల్వే వంతెన వద్ద 13వ తేదీన నీటిమట్టం 208.66 మీటర్లకు చేరింది. 1978 నాటి 207.49 మీటర్ల రికార్డు చెరిగిపోయింది. మా ఇండ్లకు కూరగాయల నారు తెచ్చి ఇచ్చే తోటమాలి కుటుంబం మయూర్‌ విహార్‌ పక్కన చిల్లా ఖాదర్‌లో, నది ఒడిలోనే ఉంటుంది. అతని ఫోను పలకలేదు. ఆ సాయంత్రం పడవను పికప్‌ మీదకు ఎక్కించాము. పదిలోపే కిలోమీటర్ల దారిని ముప్పై వేగంతో నడిపి, రెండుసార్లు ఆగి తాళ్ళు లాగి చూసుకున్నాము.

అక్కడ సహాయక సిబ్బంది మా పడవను నీటిలో దింపనీయలేదు. నీటి కింద కంచెలు, విద్యుత్తు తీగలు, తెలియని గుంటలు ఉన్నాయని, చీకటిలో ఇంజను లేని పడవ మరొక ప్రమాదాన్ని తెస్తుందని చెప్పారు. ఆ మాట సబబైనది. మేము వాదించలేదు. తోటమాలి, అతని భార్య, తల్లి, పసిబిడ్డ అప్పటికే రోడ్డు పక్కకు చేరుకొని ఉన్నారు. ఫ్లైఓవరు వెంబడి గుడారాలు వెలిశాయి. వీరికి ఇంకా గుడారం దొరకలేదు. గేదెలు, మూటలు, మంచాలు రోడ్డు అంచున వరుసగా ఉన్నాయి.

పికప్‌ తొట్టి మీద బోర్లించిన పడవ ఉన్నది గదా. తొట్టిలో వారి మూటలు పెట్టించి, ముసలమ్మను కూర్చోబెట్టాము. పడవ పైకప్పు అయింది. బండిని అక్కడే విడిచి మెట్రోలో ఇంటికి వచ్చి, మరునాడు అన్నం, మందులు తీసుకొని వెళ్ళాము. పగటి ఎండలో పడవ నీడన మరో ఇద్దరు పిల్లలు కూడ నిద్రపోతున్నారు. తోటమాలి భార్య తన చీర కొంగు చించి, వెనుక అడ్డకడ్డీకి ఉయ్యాల కట్టి బిడ్డను పడుకోబెట్టింది. ఆమె అనుమతితో ఆ ముడిని లాగి చూశాము. బిగువుగానే ఉన్నది. లారీవారి ముడి కాదు, మాకు తెలియని ముడి ఏదో.

నాలుగవ రోజు వారికి గుడారం దొరికింది. ఆమె ఉయ్యాల విప్పుకున్నది. మేము పట్టీలు సరిచూసుకొని, నీటి చుక్క తాకని పడవను ఇంటికి తెచ్చాము.