తన గొంతే తనకు అడ్డు

పరుల తప్పు వెదకుటకు మనుష్యునకు రెండు కన్నులు చాలవు. తన యింటిలోని లోపము చూచుటకు ఒక కన్నైనను తెరవడు. ఈ మాట యంత్రముల విషయమునను సత్యమే.

పలాస, టెక్కలి ప్రాంతములకు తూర్పున సముద్రతీరమున నున్న నేలను ఉద్దానము అందురు. ఉద్యానము అను పదమే ఇట్లు మారినదని పెద్దలు చెప్పుదురు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో ఆ నేల పేరునకు తగినట్లే యుండెడిది. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటెను. గాలి గంటకు 140 కిలోమీటర్లకు మించి వీచెను. ఏండ్ల తరబడి పెంచిన చెట్లు ఒక్క పూటలో నేలకొరిగినవి. విద్యుత్ స్తంభములు కూలినవి, టెలిఫోనులు మూగవోయినవి.

తీరగ్రామమునకు చెందిన నా పూర్వవిద్యార్థి యొకడు ఆ యనుభవముచేత అమెచ్యూరు రేడియో పరీక్షలో నుత్తీర్ణుడై, ప్రభుత్వానుమతి పొంది, ఇంటిపై చిన్న కేంద్రము నెలకొల్పెను. బ్యాటరీతో నడచు రేడియోకు స్తంభములతో పనిలేదు గదా! సుమారు 400 కిలోమీటర్ల యెత్తున తిరుగు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రములో 2020 సెప్టెంబరున అమెచ్యూర్లకొక పునఃప్రసారయంత్రము పనిచేయ మొదలిడెను. అది 145.990 మెగాహెర్ట్జులపై మన మాట విని, అదే క్షణమున 437.800 మెగాహెర్ట్జులపై తిరిగి పలుకును. మాటాడువాడు తన మాట చేరినదో లేదో తానే వినగలడు. అయితే కేంద్రము ఒక పర్యాయము మన యాకాశముపై నుండునది సుమారు పది నిమిషములే.

2021లో ఒకనాడు అతడు చింతతో నాయొద్దకు వచ్చెను.

"మాస్టారూ! ఇతరుల మాటలు స్పష్టముగా వినబడుచున్నవి. నేను మీట నొక్కగానే సర్వము మూగవోవుచున్నది. పలాస జీడిపప్పు కర్మాగారముల మోటారులే కారణమేమో!"

"నాయనా! నీవు మాటాడనప్పుడు ఆ మోటారులు ఆగియున్నవా?" అంటిని.

అతడు నవ్వి, "లేదండీ" అనెను.

"అట్లైన దోషము నీ మీటతో పుట్టి మీటతో పోవుచున్నది. ఇంటిలోనే వెదకుము. ఒక తూరి ఒక్కదానినే మార్చుము."

మొదట అతడు ప్రసారశక్తిని తగ్గించెను. వినికిడి కొంత మెరుగైనది. పిదప ఆంటెన్నాకు బదులు, శక్తిని బయటికి పోనీయక వేడిగా మార్చు డమ్మీ లోడును తగిల్చెను. వినికిడి పూర్తిగా బాగుపడినది. బాధ ఒక ఆంటెన్నానుండి రెండవదానికి చేరుచున్నదని తేలెను.

అంతట నతడొక లెక్క కట్టెను. ప్రసారయంత్రము తన పౌనఃపున్యమునకు మూడు రెట్ల వద్దగూడ కొంత శక్తిని వెదజల్లును. 145.990ని మూడుచే హెచ్చవేసిన 437.970. వినవలసినది 437.800! దొంగ దొరికెనని సంతోషించి, ఆ మూడింతల తరంగము నడ్డగించు ఫిల్టరును ప్రసారయంత్రమునకు అమర్చెను. మార్పు రవ్వంతయు లేదు. లెక్క చక్కనిదే; పరీక్ష దానిని అంగీకరింపలేదు.

చివరకు గ్రాహకపు ఆంటెన్నా కడనున్న యాంప్లిఫయరునకు ముందు, 145 మెగాహెర్ట్జుల శక్తిని ఆపి 437ను రానిచ్చు ఫిల్టరు నుంచెను. తరువాతి పర్యాయమున అతని మాట అంతరిక్షమునుండి తిరిగి వినవచ్చెను. ఆకాశమునుండి వచ్చు స్వరము మిక్కిలి సన్ననిది. ప్రక్కనే వెలువడు ప్రసారబలమునకు, పౌనఃపున్యము వేరైనను, ఆ యాంప్లిఫయరు దిమ్మెరపోయి చెవిటిదైనది. చెంత నగారా మ్రోగుచుండ దూరపు వేణువు వినబడునా?

విద్యార్థులారా! అనుమానము ఎంత సొగసుగా నున్నను పరీక్షించి గాని నమ్మకుడు. ఆ పరీక్షయు ఎండ కాచిననాడే జరుపుకొనవలెను. తుపాను రేయి పది నిమిషముల వ్యవధిలో ఒక గ్రామము తన యాపదను చెప్పుకొనవలసి వచ్చినపుడు, దోషము వెదకుటకు తీరిక యుండదు.