పెద్ద బంతి వద్దన్న పిల్ల

"పేరుకే సాఫ్ట్, పట్టుకుని చూడు పిన్నీ" అంటూ అక్క కూతురు సాఫ్ట్‌బాల్ నా చేతిలో పెట్టింది. నిజమే, రాయిలా ఉంది. రెండో చేతిలో బేస్‌బాల్ పెట్టింది. చిన్నది, గుప్పిట్లో ఇమిడింది. "ఇది నాది" అంది.

కిందటి వేసవిలో న్యూజెర్సీలో అక్క దగ్గర నెల రోజులున్నాను. పిల్లకి పదిహేనేళ్ళు. ఎనిమిదో ఏట నుంచీ మగపిల్లల జట్టులో బేస్‌బాల్ ఆడుతోంది. పిచ్చర్, అంటే బంతి విసిరే మనిషి. మన బౌలర్లలా పరుగెత్తుకు రాదు. మట్టి దిబ్బ మీద నిలబడి, ఒక కాలెత్తి, ఒళ్ళంతా వంచి విసురుతుంది. శనివారం పొద్దున్నే బావ కారులో మడత కుర్చీలు సర్దుతాడు. అక్క పులిహోర కలుపుతుంది. ఆడపిల్ల ఆటకి ఇల్లంతా కదలడం చూస్తే ముచ్చటేసింది, కొంచెం అసూయ కూడా.

ఒక రాత్రి భోజనాల దగ్గర అక్క అంది: "ఇక సాఫ్ట్‌బాల్‌కి మారు. కాలేజీ కోచ్‌లు నిన్ను చూసేది అందులోనే."

అబద్ధం కాదు. అమెరికా కాలేజీల్లో బేస్‌బాల్ జట్లు మగవాళ్ళవి, ఆడపిల్లలకి స్కాలర్‌షిప్పులున్నది సాఫ్ట్‌బాల్‌లో. 1972 నాటి టైటిల్ నైన్ చట్టం చదువుల్లో లింగవివక్ష కూడదంది. మైదానంలో మాత్రం "మీ ఆట మీకుందిగా" అని సాఫ్ట్‌బాల్ చూపించడంతో సరిపోయింది. బేస్‌బాల్‌లో 60 అడుగుల 6 అంగుళాల నుంచి భుజం మీదుగా విసరాలి, ఇందులో 43 అడుగుల నుంచి చెయ్యి కిందుగా. తక్కువ ఆటేం కాదు, వేరే ఆట. ఏడేళ్ళు నేర్చిన చెయ్యి మళ్ళీ మొదటికి రావాలి.

అదే రాష్ట్రంలో, హోబోకెన్‌లో, 1972లో మరియా పెపె అనే పిల్లని లిటిల్ లీగ్‌లో మూడు ఆటలయ్యాక ఆడపిల్లవని తప్పించారు. కేసు నడిచింది. 1974లో ఆడపిల్లల్ని రానిచ్చారు. అప్పటికి ఆమెకి వయసు దాటిపోయింది! 2014లో పదమూడేళ్ళ మోనే డేవిస్ లిటిల్ లీగ్ ప్రపంచ పోటీలో ఎదుటి జట్టుకి ఒక్క పరుగివ్వకుండా గెలిపించింది. కాలేజీలో ఆడింది సాఫ్ట్‌బాలే. (2025లో ఆడవాళ్ళ కొత్త బేస్‌బాల్ లీగ్ ఎంపికలకి తిరిగొచ్చింది లెండి.)

"ఆమే మారిందిగా" అంది అక్క.

"2023లో బ్రౌన్ యూనివర్సిటీ జట్టులో ఒలివియా పిచార్డో బేస్‌బాలే ఆడింది" అంది పిల్ల.

అక్క గుంటూరులో ఖోఖో ఆడేది. పెద్దమనిషి కాగానే నాన్న మాన్పించాడు. నా పీహెచ్‌డీ ఆడవాళ్ళ ఆత్మకథల మీద. నేను చదివినవాటిలో చాలావరకు ఆట బాల్యంతోనే అయిపోతుంది. ఎవరో ఒకరు 'ఇక చాలు' అంటారు. ఆ మాట గదమాయించి అంటారనే రాసుకున్నాను. ఫీజులు లెక్కవేసి, పిల్ల పళ్ళెంలో నెయ్యి వేస్తూ ప్రేమగా కూడా అనొచ్చని తట్టలేదు.

"నిన్ను మాన్పించినప్పుడు ఎంత ఏడ్చావో గుర్తుందా?" అనడిగాను, ఇద్దరమే ఉన్నప్పుడు.

"నాకు బదులు ఇంకో ఆట ఎవరూ ఇవ్వలేదు. దీనికి ఇస్తున్నాం" అంది. నా దగ్గర జవాబు లేదు.

నేను బయల్దేరే ముందురోజు సాఫ్ట్‌బాల్ శిబిరానికి డబ్బు కట్టేసింది. ఆ సాయంత్రం పిల్ల గ్యారేజీ తలుపుకేసి బేస్‌బాల్ విసురుతుంటే, చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గ్లవ్ తొడుక్కుని ఎదురుగా కూర్చుంది. చీకటిపడేదాకా పట్టింది. శిబిరం మాట ఇద్దరూ ఎత్తలేదు.