కోరంగివారి బంతాట

మా కోనసీమకు వచ్చే చుట్టాలు మూడు రకాలు. సంక్రాంతికి కోడిపందేల కోసం వచ్చేవాళ్లు మొదటి రకం. అంతర్వేది తీర్థానికి వచ్చేవాళ్లు రెండో రకం. కొబ్బరిచెట్ల కింద ఫోటోలు తీయించుకుని, సినిమాలో చూసినట్టే వుందని మురిసిపోయి వెళ్లేవాళ్లు మూడో రకం. ఈ మూడింటిలోనూ చేరని చుట్టం ఒకాయన 2024 సెప్టెంబరు నెలాఖర్న అమలాపురంలో బస్సు దిగాడు. ఆయన వచ్చింది కోరంగి చూడ్డానికి.

"కోరంగిలో ఏముందండీ? మడ అడవుల కోసమా?" అన్నాను.

"కాదు అన్నగారూ. మా దేశంలో తెలుగువాళ్లని కోరంగివాళ్లు అనేవారు. ఆ కోరంగి ఎల్లా వుంటుందో ఒకసారి చూడాలి," అన్నాడు.

ఆయనది మారిషస్ దీవి. రిటైరైన బడిపంతులు. నాకు స్నేహితుడి స్నేహితుడు. ఆయన తెలుగు బడిలో నేర్చుకున్న తెలుగు. ఒక్కొక్క మాటా పెట్టెలోంచి తీసి, తుడిచి, ముందుపెట్టినట్టు మాట్లాడతాడు. మాట తోచకపోతే వాళ్ల క్రియోలు మాట ఒకటి పడేసి నవ్వేస్తాడు. వాళ్ల వూళ్లో ఇప్పటికీ రామభజనం వుందిట. అమ్మోరు పండుగ చేస్తారుట. ఉగాదికి దేశమంతటా సెలవుట. సింహాద్రి అప్పన్నను మొక్కుకోని ఇల్లు లేదన్నాడు. సింహాచలం, అన్నవరం చూసుకునే మా వూరు వచ్చాడు.

మర్నాడు పొద్దున్నే కాకినాడ బస్సు ఎక్కాం. ముమ్మిడివరం, మురమళ్ల దాటేదాకా కిటికీలోంచి తల లోపలికి తీయలేదు ఆయన. కాలవలూ, కాలవల మీద వాలిన కొబ్బరిచెట్లూ, గట్ల మీద బట్టలుతికే ఆడవాళ్లూ ఒకటొకటీ చూసి లెక్కపెట్టుకుంటున్నట్టు పెదవులు కదుపుతున్నాడు.

"మీ జిల్లా ఎంత వుంటుంది?" అని అడిగాడు.

2022 ఏప్రిల్‌లో వేరే జిల్లా అయింది కనక ఈ లెక్క నాకు వచ్చు. రెండువేల చదరపు కిలోమీటర్లకు కాస్త పైన. జనం 2011 లెక్కల్లో 17 లక్షలు. చెప్పగానే ఆయన ఫక్కున నవ్వాడు.

"మా దేశం కూడా రెండువేల పైచిలుకే! జనం పన్నెండు లక్షల పైన. అంటే మీ జిల్లాయే మా దేశం కంటె పెద్దది. ఐనా మాకు జెండా వుంది, పార్లమెంటు వుంది, ఫుట్‌బాల్ జట్టు వుంది."

"మా జిల్లాకి బ్యాడ్మింటన్ వుందండీ," అన్నాను రోషంగా. "సాత్విక్ సాయిరాజ్‌ది మా అమలాపురమే. 2023లో ఆసియా క్రీడల్లో చిరాగ్ శెట్టితో కలిసి డబుల్స్ బంగారుపతకం తెచ్చాడు."

ఆయన ఒప్పుకున్నాడు. బస్సు ఎదుర్లంక చేరింది. వంతెన నడిచి దాటుదామని అక్కడే దిగిపోయాం.

గౌతమి ఎర్రనీటితో నిండుగా వుంది. ఇవతల ఎదుర్లంక, అవతల యానాం. వెనక ఇక్కడ పంటు మీద దాటవలసి వచ్చేది. పంటు అవతల వుంటే రేవులో బెల్లంజీళ్లు కొరుకుతూ కూచోవడమే పని. వంతెన వచ్చాక ఆ కాలక్షేపం పోయింది. ఈ మాటలు చెబుతూ, "దీన్ని బాలయోగి వారధి అంటామండీ," అన్నాను.

ఆయన టక్కున ఆగిపోయాడు. "బాలయోగి? జీ.ఎం.సీ. బాలయోగి? ఆ పేరు నేను చదివాను. హైదరాబాదులో, స్టేడియం మీద!"

ఔను. బాలయోగిగారు మా ప్రాంతంవారే. అమలాపురం నుంచి లోక్‌సభకు వెళ్లి 1998లో స్పీకరయ్యారు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. ఇక్కడ వంతెనకీ, హైదరాబాదు గచ్చిబౌలిలో స్టేడియానికీ ఆయన పేరే. ఆ స్టేడియంలోనే 2024 సెప్టెంబరు 3న ఇంటర్‌కాంటినెంటల్ కప్పులో భారత జట్టూ మారిషస్ జట్టూ తలపడ్డాయి. మా అతిథి మనదేశం వచ్చిందే ఆ ఆటకి. చూసుకుని, ఆ తరవాత యాత్రకు బయల్దేరాడు.

వంతెన కమ్మీకి ఆనుకుని, గోదావరి మీద గాలి తగులుతూ వుండగా, తన దేశపు బంతాట కథ చెప్పడం మొదలుపెట్టాడు.

వాళ్ల జాతీయజట్టును ముద్దుగా 'క్లబ్ ఎం' అంటారు. 1947 నుంచి 1963 దాకా మారిషస్, రీయూనియన్, మడగాస్కర్, ఈ మూడు దీవులూ తమలో తాము పోటీలు పెట్టుకునేవి. 1950లో రీయూనియన్‌ను 15–2తో ఓడించారు. ఇరుగుపొరుగుతో ఆడినంతకాలం వాళ్లు మొనగాళ్లే. ఐతే సముద్రం దాటి పెద్ద ఖండం మీదికి వెళ్లాలి కదా! ఆఫ్రికా కప్పు చివరి పోటీల్లో వాళ్లు ఆడింది ఒక్కసారే, 1974లో, ఈజిప్టులో. మూడు ఆటలు, మూడూ ఓటమే. కాంగో చేతిలో 0–2. గినీ చేతిలో 1–2. జైర్ చేతిలో 1–4.

"జైర్ వాళ్లే ఆ కప్పు గెలిచారు అన్నగారూ. అదే సంవత్సరం పశ్చిమజర్మనీలో ప్రపంచకప్పుకి వెళ్లారు. అక్కడ యుగోస్లావియా వాళ్లని ఎంతకి ఓడించిందో తెలుసా? 9–0!"

"తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని మాలో ఒక సామెత," అన్నాను. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు.

ఆ తరవాత కథ కూడా అల్లాగే ఎండా నీడా. హిందూమహాసముద్ర ద్వీపాల క్రీడల్లో 1985లో బంగారుపతకం. 2003 జూన్‌లో ఈజిప్టు 7–0తో చిత్తుచేసింది. ఆ ఏడే సొంతగడ్డ మీద ద్వీపాల క్రీడల్లో మళ్లీ బంగారం. 2011లో సెషెల్స్ దీవుల్లో ఫైనలు దాకా వెళ్లి పెనాల్టీల్లో పోగొట్టుకున్నారు. ప్రపంచకప్పు గడప ఇంతవరకూ తొక్కలేదు. 2017 ఆగస్టులో బొంబాయిలో మనవాళ్లతో ఆడి, మొదటి గోలు తామే కొట్టి, చివరికి 2–1తో ఓడారు.

"మరి మొన్న గచ్చిబౌలిలో?"

"0–0!" అన్నాడు, లాటరీ తగిలినవాడిలా. ప్రపంచపు వరసలో అప్పటికి మనది 124వ స్థానం, వాళ్లది 179. నూటనలభై కోట్ల దేశాన్ని పన్నెండు లక్షల దేశం నిలబెట్టేసింది మరి! 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానం, 1962లో జకార్తాలో ఆసియా బంగారుపతకం. రెండుసార్లూ జట్టును తీర్చిదిద్దింది మన హైదరాబాదు రహీంగారే. సికింద్రాబాదు కుర్రాడు తులసీదాస్ బలరాం 1960లో రోములో హంగరీ మీద గోలు కొట్టాడు. ఇల్లాంటివి నేనూ నాలుగు చెప్పాను. కాని పాత నెయ్యి వాసన చూపించి కొత్త విస్తట్లో అన్నం పెట్టినట్టుంది నా సంగతి.

"మీరు ఎవరివైపు అరిచారు?" అని అడిగాను.

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. చాలాసేపు నీళ్లకేసి చూశాడు.

"నేను అరవలేదు. ఎవరూ గెలవకూడదని అప్పన్నకి మొక్కుకున్నాను. ఆట చూసి ఇరవైఐదేళ్లయింది అన్నగారూ. స్టేడియంలోకి వెళ్లేటప్పుడు కాళ్లు వణికాయి."

అప్పుడు చెప్పాడు అసలు సంగతి. మారిషస్‌లో వెనక ఒక్కొక్క జట్టు ఒక్కొక్క జాతిది. హిందూ కేడెట్స్, ముస్లిం స్కౌట్స్, తమిళ్ కేడెట్స్; క్రియోలులకు ఫైర్ బ్రిగేడ్; ఫ్రెంచి దొరలకు డోడో క్లబ్. ఆదివారం వచ్చిందంటే ఎవరి మనుషుల వెనక వాళ్లు. 1980ల మొదట్లో ప్రభుత్వంవారు జట్లకు జాతుల పేర్లు తీసెయ్యమన్నారు. ముస్లిం స్కౌట్స్ కాస్తా స్కౌట్స్ క్లబ్ అయింది. పేర్లు మారాయి, మనుషులు మారలేదు. 1999 ఫిబ్రవరిలో కాయా అనే గాయకుడు పోలీసుల నిర్బంధంలో చనిపోయి దీవి అట్టుడికిపోయింది. ఆ వేడి చల్లారకముందే మే 23న స్కౌట్స్‌కీ ఫైర్ బ్రిగేడ్‌కీ ఆట. ఫైర్ బ్రిగేడ్ గెలిచింది. ఆ రాత్రి అల్లర్లలో పోర్ట్ లూయీ నగరంలో ఒక జూదశాల తగలబడి ఏడుగురు ప్రాణాలు పోయాయి. అందులో పిల్లలూ వున్నారు. లీగు ఆపేశారు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు పాత క్లబ్బుల బదులు ప్రాంతాల పేర్లతో జట్లు కట్టారు. గొడవలు పోయాయి. గొడవలతోబాటు జనమూ పోయారు. ఇప్పుడు ఎక్కువమంది ఇళ్లల్లో కూచుని టీవీలో ఇంగ్లండు ఆటలు చూస్తారుట.

"మా నాయన హిందూ కేడెట్స్ మనిషి. నన్ను భుజం మీద ఎక్కించుకుని తీసుకువెళ్లేవాడు. నేను చిన్నప్పుడు అరిచిన మాటలు ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. గోలు కోసం అరవలేదు. అవతలివాళ్ల పుట్టుక మీద అరిచాను. ఆ ఏడుగురూ పోయినరోజున, వాళ్లెవరో నాకు తెలీకపోయినా, ఆ అగ్గిపుల్ల గీసిన చేతుల్లో నా చెయ్యీ వుందనిపించింది. బళ్లో పిల్లలకు ముఖం చూపించలేకపోయాను."

నేనేమీ అనలేకపోయాను. 2022 మే 24 సాయంత్రం మా అమలాపురంలో, జిల్లాకు పెట్టబోయే పేరు దగ్గర మొదలైన గొడవలో ఇళ్లు తగలబడ్డాయి. ఆ పొగ నేను మా డాబా మీంచి చూశాను. ఆ తరవాత చాలారోజులు బజారులో ఎదురైన ప్రతిమనిషినీ, ఇతను ఎటువాడా అని లోపల్లోపల అనుకుంటూ పలకరించాను. ఆ సంగతి ఆయనకు చెప్పాను. వంతెన మీద ఇద్దరం ఒకళ్లకొకళ్లం తప్పు ఒప్పుకున్నట్టయింది.

యానాంలో కాఫీ తాగాం. 1954 దాకా అది ఫ్రెంచివారి వూరు. మారిషస్ కూడా 1810 దాకా వాళ్లదే. అక్కణ్ణుంచి ఆటోలో కోరంగి.

కోరంగిలో నిజానికి చూపించడానికేమీ లేదు. ఒకప్పుడు అది పెద్ద రేవు. ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు. 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరొకసారి ఉప్పెన వచ్చి వూరిని వూడ్చేసింది. గోదావరి మేట వేసి సముద్రాన్ని దూరంగా నెట్టేసింది. కాని పేరు మాత్రం దేశాలు పట్టిపోయింది. రంగూన్‌లో తెలుగు కూలీలను కోరంగీలన్నారు. మారిషస్‌లోనూ అదే పేరు. 1843లో కోరంగి పాకెట్ అనే ఓడలో తెలుగువాళ్లు చెరకుతోటల కూలికి వచ్చారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఎక్కువమంది విశాఖ, శ్రీకాకుళం వైపువాళ్లు. ఐనా ఎక్కిన రేవు పేరే ఇంటిపేరైంది.

మా అతిథి కాలవగట్టు మీద వొంగి గుప్పెడు మట్టి తీసి రుమాల్లో మూటకట్టుకున్నాడు. "ఓడ ఎక్కేటప్పుడు వాళ్లలో ఎన్ని కులాలుండేవో! ఓడ దిగేసరికి అందరూ కోరంగివాళ్లే అయిపోయారు," అన్నాడు. "ఐనా మేము మళ్లీ జట్లు కట్టుకున్నాం."

తిరిగి వచ్చేటప్పుడు ఎదుర్లంక దగ్గర రోడ్డు పక్క ఖాళీస్థలంలో పదిపన్నెండుమంది కుర్రాళ్లు బంతాట ఆడుతున్నారు. రెండేసి కొబ్బరిమట్టలు పాతి గోలుస్తంభాలు చేసుకున్నారు. ఆయన గట్టు దిగి వెళ్లిపోయాడు. వెళ్లి మొదట అడిగిన ప్రశ్న ఇదీ:

"బాబూ, జట్లు ఎల్లా పంచుకున్నారు?"

నా గుండె గుభేలుమంది. ఈ పేటా ఆ పేటా అంటారేమోనని. ఒక బక్కకుర్రాడు మోకాలు తుడుచుకుంటూ, "పంటలేసుకున్నామండి, ఆయ్," అన్నాడు.

ఆయనకు అర్థం కాలేదు. అరచేతులు తిరగేసి బోర్లేసి, కలిసినవాళ్లంతా ఒకవైపు వెళ్లడం పిల్లలే చేసి చూపించారు. ఆయన ఆ మాట కూడా పుస్తకంలో రాసుకున్నాడు. మూడుసార్లు పైకి చదువుకున్నాడు. తరవాత, "నేను రిఫరీగా వుంటాను, ఒప్పుకుంటారా?" అన్నాడు. విజిల్ లేదే అన్నాను. ఇంకో కుర్రాడు కొబ్బరాకు చించి, చుట్టి, బూర చేసి చేతిలో పెట్టాడు. అరవైఏళ్లు దాటిన మనిషి ఆ బూర వూదుతూ, పంచెకట్టు అలవాటు లేక కట్టుకున్న కొత్త పంచె చేత్తో పట్టుకుని, పొద్దుగూకేదాకా ఆ ఇసుకలో పరుగెత్తాడు. ఒకసారి బంతి పంటకాలవలో పడితే తనే దిగి తెచ్చాడు.

చీకటిపడ్డాక చెమట తుడుచుకుంటూ గట్టెక్కాడు. నేను పిల్లల్ని అడిగాను, "ఎంతకెంతరా?" అని.

"మేం లెక్కెట్టలేదండి. ఆ సారు రాసుకున్నారేమో," అన్నారు.

ఆయన జేబులోంచి పుస్తకం తీసి, చూసి, మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు. అమలాపురం బస్సు వచ్చింది. కిటికీలోంచి ఆ కొబ్బరాకు బూర ఇంకొక్కసారి వూదాడు.